బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత: ఏది ఓర్చుకోవాలి, దేనికి పరుగెత్తాలి

బేరియాట్రిక్ సర్జరీ అయినవాళ్లని మామూలుగా రెండు మూడు రోజుల్లోనే ఇంటికి పంపేస్తారు. చేతికిచ్చే డిశ్చార్జి కాగితంలో సగం మందుల పేర్లు, మిగతా సగం డాక్టర్ల భాష. రాత్రి పదకొండింటికి ఎడమ భుజం లాగుతుంటే అది ఉత్త గ్యాసా, లేక భయపడాల్సిందా అన్నది మాత్రం అందులో ఉండదు. అందుకే ఇది రాస్తున్నా. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల కంటే వాళ్లకి వండిపెట్టేవాళ్లు ముందు చదివితే ఇంకా మంచిది, ఎందుకంటే "ఏం కాదులే, పొద్దున్నకి తగ్గిపోతుంది" అనేది ఎక్కువగా పేషెంటే.

భయపెట్టాలని కాదు. బాగా అనుభవం ఉన్నచోట చేయించుకుంటే ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం చాలా తక్కువ, గాల్ బ్లాడర్ తీసే ఆపరేషన్‌తో దాదాపు సమానం అంటారు. కానీ ఏదైనా తేడా వచ్చిన ఆ కొద్దిమందిలో, అదే రోజు ఆసుపత్రికి వెళ్లినవాళ్ల పరిస్థితికీ రెండు రోజులు చూద్దామని ఆగినవాళ్ల పరిస్థితికీ పోలికే ఉండదు.

ముందు మీకు చేసింది ఏ ఆపరేషనో తెలుసుకోండి

నవ్వకండి, "పొట్ట చిన్నది చేశారు" అని తప్ప ఇంకేం చెప్పలేనివాళ్లు చాలామంది ఉంటారు. స్లీవ్ అయితే జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి బయటికి తీసేస్తారు, మిగిలేది అరటికాయ ఆకారంలో ఒక సన్నటి గొట్టం, దాని పొడవునా పిన్నుల కుట్లు ఉంటాయి. బైపాస్ అయితే జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, చిన్నపేగుని పైకి తెచ్చి దానికి అతుకుతారు, కింద పేగుకి పేగుకి ఇంకో అతుకు వేస్తారు. మినీ బైపాస్‌లో ఒకటే అతుకు.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే తర్వాత రాబోయే ఇబ్బందులు కూడా వేరు వేరు. స్లీవ్ వాళ్లకి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఎక్కువ. బైపాస్ వాళ్లకి తీపి తింటే కళ్లు తిరగడం, అతుకు దగ్గర పుండు, ఏళ్ల తర్వాత కూడా పేగు మెలిపడటం, విటమిన్ల లోటు లాంటివి ఎక్కువ. కాబట్టి డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్స్ కూడా అడిగి తీసుకుని ఫోన్లో ఫొటోలు పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా. ఊళ్లో ఉండగా అర్ధరాత్రి ఏదో చిన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్లాల్సి వస్తే అక్కడి డ్యూటీ డాక్టర్‌కి ముందు చెప్పాల్సిన మాట ఇదే. వాంతులవుతున్నాయని ముక్కులోంచి గొట్టం గుడ్డిగా దించేస్తే కొత్త కుట్లకి దెబ్బ తగలొచ్చు, అందుకే వాళ్లకి తెలిసి తీరాలి.

మొదటి రెండు వారాలు

కడుపు మీద నాలుగైదు చిన్న గాట్లే కదా, నొప్పి గాట్ల దగ్గర కంటే భుజాల్లో ఎక్కువుంటుంది చాలామందికి. లాప్రోస్కోపీ చేసేటప్పుడు పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు, అది ఊపిరితిత్తుల కింద ఉన్న పొరని ఇబ్బంది పెడితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది, నడిస్తే ఇంకా త్వరగా పోతుంది. పోకుండా పెరుగుతుంటే అది వేరే కథ, కింద చెప్తాను.

నడక గురించి. ఆపరేషన్ అయిన మనిషిని మంచం దిగనివ్వకపోవడం మన ఇళ్లలో ప్రేమ. ఇక్కడ ఆ ప్రేమ పనికిరాదు. పడుకుని ఉంటే పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ జారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకి వస్తుంది, ఈ ఆపరేషన్ తర్వాత నెల రోజుల్లో జరిగే మరణాల్లో దీని వాటా పెద్దది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి ఇంట్లోనే ఐదు నిమిషాలు తిరగండి. రక్తం పలచబడటానికి పొట్ట మీద చేసే ఇంజెక్షన్లు ఇంటికి కూడా రాసిచ్చి ఉంటే, నడుస్తున్నాం కదా అని మధ్యలో మానేయకండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే ఆ రోజే చూపించుకోవాలి, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు వస్తే 108కి ఫోన్ చేయండి, పరిచయం ఉన్న ఆటో కోసం చూడకండి.

బరువులు ఎత్తడం మాత్రం వద్దు, నాలుగు నుంచి ఆరు వారాల పాటు ఐదు కిలోలు దాటి ఏదీ వద్దు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, చంటిబిడ్డని నేల మీద నుంచి ఎత్తుకోవడం కూడా ఇందులోకే వస్తాయి. ఆఫీసు పనయితే రెండు మూడు వారాల్లో వెళ్లొచ్చు, ఒంటి పని అయితే ఇంకా ఆగాలి, ఎప్పుడన్నది మీ సర్జన్ని అడగండి.

తాగడం. ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ డిశ్చార్జి అయ్యాక మళ్లీ ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఒంట్లో నీళ్లు తగ్గి వచ్చేవాళ్లే ఎక్కువ. గ్లాసు ఎత్తి గటగటా తాగే రోజులు పోయాయి. దగ్గు టానిక్ సీసా మీద ఉండే చిన్న మూత కప్పు తీసుకోండి, పది పదిహేను నిమిషాలకోసారి దాంతో కొలిచి 30 మిల్లీలీటర్లు, అదీ గుటక గుటకగా. రోజుకి లీటరున్నర చేరడం లక్ష్యం, మొదటి రోజుల్లో చేరకపోవచ్చు, రోజురోజుకీ పెరుగుతుండాలి. దాహం వేసేదాకా ఆగితే అందుకోలేరు. మూత్రం ముదురు పసుపులోకి మారినా, పొద్దున్నుంచి ఒక్కసారే వెళ్లినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా వెనకబడ్డారన్నమాట. నీళ్లు, బాగా పలుచని మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, కారం లేని చారు తేట, వడకట్టిన చికెన్ సూప్, కొబ్బరినీళ్లు, పొడి కలుపుకునే అసలైన ఓఆర్‌ఎస్, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. గ్లూకోజ్ పొడి నీళ్లు, ప్యాకెట్ జ్యూసులు, కూల్ డ్రింకులు, సోడా వద్దు. చూడటానికి వచ్చే చుట్టాలు తెచ్చే డబ్బాలూ పళ్ల బుట్టలూ ఇంట్లోవాళ్లకి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఏ డ్రాయర్లోనో పడి ఉంటుంది, బ్యాటరీలు మార్చి బయట పెట్టండి. అందులో ఆక్సిజన్ అంకె పక్కన ఇంకో అంకె ఉంటుంది, నాడి. రోజుకి మూడు సార్లు, పావుగంట కూర్చున్నాక చూసి రాసుకోండి. కుట్ల దగ్గర ఎక్కడైనా చిల్లు పడి లోపలిది పొట్టలోకి కారడాన్ని లీక్ అంటారు. నూటికి ఒకరిద్దరికి మించి రాదు, వచ్చేది ఎక్కువగా మొదటి పది రోజుల్లో, స్లీవ్‌లో అయితే ఇంకొన్ని వారాల తర్వాత కూడా రావొచ్చు. లీక్ అంటే పొట్ట బిగుసుకుపోయి కేకలు పెట్టే నొప్పి ఉంటుందనుకుంటారు, ఒళ్లు బరువున్నవాళ్లలో చాలాసార్లు అలా ఉండదు, పొట్ట నొక్కితే మెత్తగానే ఉంటుంది, నాడి మాత్రం ముందే పరుగెడుతుంది. కదలకుండా కూర్చున్నా నాడి 120 దాటి గంటల తరబడి దిగకపోతే జ్వరం ఉన్నా లేకపోయినా బయల్దేరండి. దానికి తోడు 100.4 దాటిన జ్వరం, నడిచినా తగ్గకుండా పెరిగే ఎడమ భుజం నొప్పి, ఆయాసం, ఏదో అయిపోతోందన్న విపరీతమైన ఆందోళన, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలోచించే పనే లేదు. దారిలో నీళ్లు కూడా తాగొద్దు. అక్కడ సీటీ స్కాన్ తీసి చూస్తారు, ఎంత తొందరగా దొరికితే అంత తేలిగ్గా, గొట్టం వేసి చీము తీయడం, చిల్లుకి అడ్డుగా లోపల స్టెంట్ అనే జాలీ గొట్టం వేయడం లాంటివాటితోనే సరిపెట్టే అవకాశం ఎక్కువ.

బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి ఇందులో ఒక మెలిక ఉంది. ఆ మాత్రలు నాడిని తగ్గించి ఉంచుతాయి. వాళ్లలో 100 కూడా మంచి గుర్తు కాకపోవచ్చు, సర్జన్‌కి ఫోన్ చేసినప్పుడు ఈ మాత్ర వేసుకుంటున్నానని తప్పకుండా చెప్పాలి.

రక్తస్రావం గురించి కూడా ఇక్కడే: తారులా నల్లగా జిగటగా దుర్వాసనతో విరేచనం, వాంతిలో రక్తం లేదా కాఫీ పొడిలాంటిది, చెమటలు పట్టి కళ్లు తిరగడం. ఐరన్ మాత్రల వల్ల కూడా విరేచనం నల్లబడుతుంది, కానీ దాంతో కళ్లు తిరగవు, నాడి పెరగదు. తేడా తేల్చుకోలేకపోతే రక్తస్రావమనే అనుకుని వెళ్లండి.

గాట్ల దగ్గర కొద్దిగా ఎర్రగా, దురదగా ఉండటం మామూలే. చీము, వేడి, పెరిగే వాపు అయితే చూపించాలి.

తిండి: మళ్లీ మొదట్నుంచి

ప్రతి ఆసుపత్రికీ ఒక చార్టు ఉంటుంది, మీ సర్జన్ ఇచ్చిందే మీకు ప్రమాణం, పక్కింటావిడకి ఇచ్చింది కాదు. సుమారుగా ఇలా నడుస్తుంది: రెండు వారాలు ద్రవాలు, తర్వాత రెండు వారాలు మిక్సీలో మెత్తగా చేసినవి, ఆ తర్వాత రెండు వారాలు మెత్తటి ఆహారం, రెండో నెల దగ్గరపడ్డాక మెల్లగా మామూలు తిండి. ఆకలి లేదు కదా అని తొందరపడకపోవడం తేలికే, కానీ ఆవకాయ వాసన వచ్చినప్పుడు కష్టం. కుట్లు మానే సమయం అది, గట్టి ముద్ద ఒకటి ఇరుక్కుంటే మీరు పడే బాధ అటుంచి, బలవంతంగా వాంతి చేసుకుంటే ఆ ఒత్తిడంతా కుట్ల మీదే.

ఇకపై కంచంలో మొదటి చోటు ప్రొటీన్‌ది. రోజుకి 60 నుంచి 80 గ్రాములు కావాలి. ఎంత కష్టమో లెక్కేసి చూడండి: ఒక గుడ్డులో 6 గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలల్లో ఆరేడు, చిన్న గిన్నెడు గట్టి పప్పులో సుమారు ఆరు, 100 గ్రాముల పన్నీర్లో 18 దాకా, ఉడికిన చికెన్ 100 గ్రాములు తినగలిగితే పాతిక దాటుతుంది, కానీ మొదటి నెలల్లో అంత ఎవరూ తినలేరు. ఇడ్లీలో రెండు గ్రాములు. అందుకే ప్రొటీన్ పౌడర్ రాస్తారు, అది ఫ్యాషన్ కాదు. ఆ రుచి పడకపోతే చల్లటి పాలల్లో, పలుచని మజ్జిగలో, చప్పగా ఉండే రకమైతే గోరువెచ్చటి సూప్‌లో కలిపి చూడండి, మరిగే వాటిలో వేస్తే ఉండలు కడుతుంది. శాకాహారులకి ఇంకాస్త కష్టం, పెరుగు, పన్నీర్, సోయా, పెసరపప్పు అన్నీ రోజులో ఎక్కడో ఒకచోట రావాలి.

మూడో వారం నుంచి మెత్తగా మిక్సీ పట్టిన పెసరపప్పు, వడకట్టిన పెరుగు, మెత్తగా గిలకొట్టి వండిన గుడ్డు. ఐదో వారం నుంచి ఆవిరి మీద ఉడికించిన, ముళ్లు జాగ్రత్తగా తీసిన చేప, చేత్తో నలిపితే నలిగే పన్నీర్, సాంబారులో బాగా నానిన అరముక్క ఇడ్లీ. అన్నం చివర. మనకి మింగుడుపడని సంగతే కానీ, మెత్తటి అన్నం ముద్దకట్టి ఇరుక్కుంటుంది, చపాతీ, బ్రెడ్ కూడా అంతే, చాలామందికి ఆరు నెలల దాకా ఇవి పడవు. పడినా సరే, పప్పో గుడ్డో చికెనో తిన్నాక చోటు ఉంటేనే అన్నం. మన భోజనం అన్నంతో మొదలై పెరుగన్నంతో ముగుస్తుంది కాబట్టి ఈ మార్పు పేషెంట్ కంటే ఇంట్లోవాళ్లకే ఎక్కువ బాధ, "ఒక్క ముద్ద తిను నాన్నా" అని అమ్మ వెంటపడుతుంది. ఆ ఒక్క ముద్దే వాంతికి కారణం. అమ్మకి ఈ పేరా చదివి వినిపించండి.

తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా తాగకూడదు. చారు పోసుకుని జారుడుగా మింగేయడం అలవాటున్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అలా తింటే పొట్ట నిండినట్టు తెలియదు, నమలడమూ ఉండదు. చిన్న గిన్నె, చిన్న స్పూన్, ఒక్కో ముద్దా ఇరవై ముప్పై సార్లు నమలడం, అరగంట భోజనం. కడుపు నిండిందని ఇప్పుడు కొత్త గుర్తులతో తెలుస్తుంది, కొందరికి ఎక్కిళ్లు, కొందరికి ముక్కు కారడం, కొందరికి ఛాతీ మధ్యలో బరువు. మీ గుర్తు ఏదో నాలుగు రోజుల్లో మీకే తెలిసిపోతుంది, అది కనపడగానే ఆపేయాలి, గిన్నెలో మిగిలింది పారేయాల్సి వచ్చినా సరే.

వాంతులు: ఇక్కడ మాత్రం నిర్లక్ష్యం వద్దు

తొందరగా తిన్నందుకో, సరిగ్గా నమలనందుకో అప్పుడప్పుడూ వాంతి కావడం వింత కాదు. ఒక పూట ద్రవాల మీద ఉండి మళ్లీ మెల్లగా మొదలుపెడితే సర్దుకుంటుంది. కానీ ఒక రోజంతా నీళ్లు కూడా ఆగకపోయినా, రోజూ వాంతులు అవుతూ వారం గడుస్తున్నా అది అలవాటు పడటం కాదు. ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య, మొన్నటిదాకా దిగిన మజ్జిగ కూడా దిగట్లేదంటే అతుకు దగ్గరో స్లీవ్ మధ్యలోనో దారి సన్నబడి ఉండొచ్చు. ఎండోస్కోపీ చేసి చూస్తారు, అవసరమైతే బెలూన్‌తో వెడల్పు చేస్తారు, ఒకటి రెండు సార్లతో చాలామందికి బాగవుతుంది.

వాంతుల్లో అసలు ప్రమాదం చాలామందికి తెలియనిది: విటమిన్ బీ1, అంటే థయమిన్. శరీరంలో దీని నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదు. తిండి ఎలాగూ తక్కువ, పైగా వాంతులు, పైగా వాంతి అవుతోందని విటమిన్ మాత్రలు కూడా మానేస్తారు. అప్పుడు కళ్లకి ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట పొంతన లేకుండా ఉండటం, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు మొదలవుతాయి. నీరసం వల్ల తూలుతున్నాడులే అనుకుంటే మెదడుకి, నరాలకి జరిగే నష్టం శాశ్వతమైపోవచ్చు. ఇంకో చిక్కు ఏమిటంటే, వాంతులతో నీరసపడ్డ మనిషిని దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే మొట్టమొదట పెట్టేది గ్లూకోజ్ సీసా. బీ1 లేని ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త బీ1 కూడా ఖర్చయిపోయి పరిస్థితి ఇంకా దిగజారుతుంది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి: "బేరియాట్రిక్ ఆపరేషన్ అయింది, ఇన్ని రోజులుగా వాంతులు, గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వండి" అని. ఈ వాక్యం ఫోన్లో రాసి పెట్టుకున్నా తప్పు లేదు.

తీపి తింటే

బైపాస్ అయినవాళ్లు సంక్రాంతికి ఒక అరిసె తింటే ఏమవుతుందో తిన్నాకే తెలుస్తుంది. తీపి నేరుగా పేగులోకి జారిపోతుంది, పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో నులి, లూజ్ మోషన్, పడుకోవాలనిపించే నీరసం. దీన్ని డంపింగ్ అంటారు. ప్రమాదం కాదు, పడుకుంటే గంటలో తగ్గుతుంది, నిజం చెప్పాలంటే కొందరిని తీపికి దూరంగా ఉంచేది ఇదే. ఇంకో రకం ఉంది, తిన్న గంట నుంచి మూడు గంటల తర్వాత వచ్చేది. అది షుగర్ డౌన్ కావడం: వణుకు, ఆకలి, కళ్లు చీకట్లు కమ్మడం. ఆపరేషన్ అయిన ఏడాది తర్వాత కూడా మొదలవ్వొచ్చు. ఇది పదేపదే వస్తుంటే, ముఖ్యంగా స్పృహ తప్పితే డాక్టర్‌కి చెప్పాలి, బండి నడిపేవాళ్లయితే మరీను. స్లీవ్ వాళ్లకి ఇవి తక్కువ కానీ అసలు రావని కాదు.

మందులు

షుగర్ మాత్రలూ ఇన్సులిన్ మోతాదూ ఆపరేషన్ అయిన రోజుల్లోనే తగ్గించాల్సి వస్తుంది, బరువు తగ్గకముందే. పాత చీటీ చూసి గ్లిమెపిరైడ్ వేసుకుంటే తిండి లేని ఒంట్లో షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు డాక్టర్ చెప్పకుండా మళ్లీ మొదలుపెట్టొద్దు, తిండి లేనప్పుడు వీటితో షుగర్ అంకె మామూలుగా ఉండగానే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. బీపీ మాత్రలు కూడా అంతే, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ చూపించి మోతాదు మార్పించుకోండి.

నొప్పి మాత్రల సంగతి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఈ జాతి మొత్తం వద్దు, బైపాస్ అయినవాళ్లకి జీవితాంతం వద్దు, అతుకు దగ్గర పుండు పడుతుంది. మందుల షాపులో "ఒళ్లు నొప్పులకి" అని అడిగితే ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాక్ కలిసే ఉంటుంది, అట్ట మీద చదవండి. ఉత్త పారాసిటమాల్ పర్వాలేదు. గుండెకోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు సొంతంగా ఆపకుండా సర్జన్నీ గుండె డాక్టర్నీ ఇద్దర్నీ అడగాలి. బీడీ, సిగరెట్, ఖైనీ కూడా ఇదే పుండుకి దారి.

త్వరగా బరువు తగ్గేవాళ్లకి గాల్ బ్లాడర్లో రాళ్లు పడతాయి, అందుకే ఆరు నెలల పాటు ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్ మాత్రలు రాస్తారు. ఖరీదని మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువ. తిన్నాక కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చి వీపులోకి పాకితే స్కాన్ చేయించుకోండి.

విటమిన్లు బతికున్నంతకాలం. ఇందులో బేరం లేదు. మల్టీవిటమిన్, బీ12, ఐరన్, విటమిన్ డి, కాల్షియం సిట్రేట్. కాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు అవసరం కానీ ఒక్కసారి 500 నుంచి 600కి మించి ఒంటికి పట్టదు, కాబట్టి విడగొట్టి వేసుకోవాలి. ఐరన్, కాల్షియం కలిపి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, రెండు గంటల ఎడం ఉండాలి. టీ, కాఫీలతో ఐరన్ వేసుకుంటే వేసుకోనట్టే. నాలుగేళ్లు బాగున్నాను కదా అని ఆపేస్తే, బీ12 నిల్వలు మెల్లగా అడుగంటుతాయి కాబట్టి దెబ్బ ఆలస్యంగా తెలుస్తుంది, అప్పటికి కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు మొదలై ఉంటాయి.

మూడో నెల నుంచి

జుట్టు ఊడుతుంది. దువ్వెన నిండా వస్తుంటే చాలామంది ఆపరేషన్ చేయించుకున్నందుకు ఏడ్చేది ఈ నెలల్లోనే. మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదలై, చాలామందిలో ఏడాది తిరిగేలోపు ఆగి మళ్లీ వస్తుంది. కుదుళ్లు చచ్చిపోయి కాదు, హఠాత్తుగా బరువు తగ్గిన ఒళ్లు జుట్టుని విశ్రాంతిలోకి నెట్టేస్తుంది. ఖరీదైన నూనెల కంటే ప్రొటీన్ చేరుతోందా, ఐరన్ నిల్వలు బాగున్నాయా అన్నది చూసుకోండి.

మలబద్ధకం దాదాపు అందరికీ ఉంటుంది, తిండి తక్కువ, నీళ్లు తక్కువ, ఐరన్ మాత్రలు. ముందు నీళ్లు పెంచండి. బరువు కాటా మూడో వారంలో, మళ్లీ మధ్యమధ్యలో కదలకుండా ఆగిపోతుంది, ఏదో తప్పు జరిగిందని టెన్షన్ పడకండి, వారానికి ఒక్కసారే ఎక్కండి. మొత్తం తగ్గుదల ఏడాది, ఏడాదిన్నర దాకా సాగుతుంది, స్లీవ్‌లో మొదటి బరువులో పావు వంతు చుట్టూ తగ్గడం మామూలు. చర్మం వేలాడటం వ్యాయామంతో పూర్తిగా పోదు, మడతల్లో పుండ్లు పడకుండా పొడిగా ఉంచుకోవాలి.

మనసు గురించి ఎవరూ చెప్పరు. తిండే ఓదార్పుగా బతికినవాళ్లకి ఆ ఓదార్పు పోతే దిగులు వస్తుంది, చిరాకు వస్తుంది. మందు అలవాటున్నవాళ్లు గమనించాల్సింది, బైపాస్ తర్వాత ఒక పెగ్గు రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది, తిండి చోట మందు వచ్చి కూర్చోవడం కూడా ఈ ఆపరేషన్ల తర్వాత తెలిసిన ఇబ్బందే. దిగులు వారాల తరబడి ఉంటే దాచుకోకుండా సర్జన్‌తోనే చెప్పండి.

ఉపవాసాలు. నీళ్లు తాగుతూ చేసే కార్తీక సోమవారం ఒక ఎత్తు, నీళ్లు కూడా ముట్టని ఏకాదశీ, రంజాన్ రోజా ఇంకో ఎత్తు. మొదటి ఏడాది నీళ్లు లేని ఉపవాసం వద్దనే అంటాను, ఆ తర్వాత డాక్టర్‌ని అడిగి.

ఏళ్ల తర్వాత కూడా మర్చిపోకూడనివి

బైపాస్ అయిన మనిషికి నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో, బాగా బరువు తగ్గాక, తిన్నప్పుడల్లా పొట్ట మధ్యలో మెలిపెట్టే నొప్పి వచ్చి పోతుంటే దాన్ని గ్యాస్ అనుకుని మాత్రలు మింగకూడదు. లోపల కొవ్వు కరిగి ఏర్పడిన సందుల్లోకి పేగు దూరి మెలిపడుతుంది. వచ్చి పోతుంటుంది కాబట్టి స్కాన్‌లో కూడా ఒక్కోసారి దొరకదు, తెలిసిన సర్జన్ చూడాలి. నొప్పి తగ్గకుండా ఉండిపోతే అది గంటల వ్యవహారం, మెలిపడ్డ పేగుకి రక్తం అందక కుళ్లిపోతుంది. గర్భిణుల్లో ఇది ఇంకా ప్రమాదం, నొప్పి కాన్పుదనుకుంటారు.

స్లీవ్ వాళ్లకి రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చి, దగ్గు కూడా వస్తూ, అవి మాత్రలతో అదుపు కాకపోతే ఎండోస్కోపీ చేయించుకోవాలి. కొందరికి చివరికి బైపాస్‌గా మార్చాల్సి వస్తుంది. ఇక బైపాస్ వాళ్లకి కిడ్నీలో రాళ్లు పడే అవకాశం కూడా పెరుగుతుంది, నీళ్ల విషయంలో బద్ధకం వద్దనడానికి ఇదో కారణం.

రక్తపరీక్షలు మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకి, తర్వాత ఏడాదికోసారి. రక్తం శాతం, ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), బీ12, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియంని అదుపు చేసే హార్మోన్), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), లివర్, షుగర్. ఫాలోఅప్‌కి హైదరాబాదో విజయవాడో వెళ్లే ఓపిక లేకపోతే దగ్గర్లోని ల్యాబ్‌లో చేయించి రిపోర్టులు వాట్సాప్‌లో పంపినా చూసే డాక్టర్లు ఉన్నారు, ముందే అడిగి పెట్టుకోండి.

పెళ్లయిన ఆడవాళ్లకి చివరిగా ఒకటి. పీసీఓడీతో ఏళ్లుగా పిల్లలు కలగనివాళ్లకి కూడా బరువు తగ్గుతుండగానే నెలసరి సర్దుకుని గర్భం వచ్చేస్తుంది, "మాకెలాగూ రాదు" అన్న ధీమా పనికిరాదు. 12 నుంచి 18 నెలల దాకా ఆగాలి, ఎందుకంటే తల్లికే చాలని పోషకాలు బిడ్డకెక్కడివి. బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటికి పట్టకపోవచ్చు, వాంతులూ లూజ్ మోషన్లూ ఉన్నప్పుడు అసలు నమ్మడానికి లేదు, కాపర్ టీ లాంటి వేరే పద్ధతి గురించి ఆపరేషన్‌కి ముందే గైనకాలజిస్టుతో మాట్లాడుకోవాలి. గర్భం వచ్చాక ఐదారు నెలల్లో అందరికీ చేసే గ్లూకోజ్ నీళ్లు తాగించే షుగర్ టెస్ట్ ఉంటుంది కదా, బైపాస్ అయినవాళ్లకి దాంతో డంపింగ్ వస్తుంది. ల్యాబ్‌లో ఆ గ్లాసు చేతికిచ్చే ముందే ఆపరేషన్ సంగతి చెప్తే, దాని బదులు వారం రోజులు ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో పరగడుపున, తిన్న తర్వాత చూసుకుని రాసుకురమ్మంటారు.